ఎమ్మెస్సీ నర్సింగ్: రెండేళ్ల చదువు ఎన్నేళ్లకు గిట్టుబాటు?

ఎమ్మెస్సీ నర్సింగ్‌కు ఎంతవుతుందని అడిగితే అందరూ కాలేజీ ఫీజు చెబుతారు. ఫీజు కంటే పెద్ద ఖర్చు ఇంకొకటుంది. దానికి ఎవరూ రసీదు ఇవ్వరు కాబట్టి కంటికి ఆనదు. ఆ రెండేళ్లు రాకుండా పోయే జీతమే ఆ ఖర్చు.

ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు 22 వేలు తీసుకుంటున్న స్టాఫ్ నర్సును ఉదాహరణగా తీసుకుందాం. ఉద్యోగం మానేసి చదువులో చేరితే 24 నెలలకు ఆమె వదులుకునేది 5 లక్షల 28 వేలు. ఏడాదికి లక్షన్నర చొప్పున ఫీజు 3 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, థీసిస్ పనులు, క్లినికల్ పోస్టింగులకు తిరుగుళ్లు అన్నీ కలిపి మరో లక్ష వేసుకుంటే మొత్తం 9 లక్షల 28 వేలు తేలుతుంది. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ జీతం, మీ ఫీజు వేరుగా ఉంటాయి. వాటిని ఇదే వరసలో వేసి చూసుకోండి.

చదువయ్యాక ఆమె ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా 28 వేలకు చేరిందనుకుందాం. పాత జీతం మీద నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు ఎక్కువ. పెట్టిన 9.28 లక్షలు తిరిగి రావడానికి దాదాపు 13 ఏళ్లు పడుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆమె ఆసుపత్రిలోనే ఉండిపోతే ఈ రెండేళ్లలో జీతం కదలకుండా ఉండదు కదా. ఏడాదికి వెయ్యి చొప్పున పెరిగినా 24 వేలయ్యేది. అప్పుడు అసలు తేడా 4 వేలే, ఏడాదికి 48 వేలు. గిట్టుబాటుకు 19 ఏళ్ల 4 నెలలు.

అప్పు చేసి చదివితే సంగతి ఇంకా ఇరుకు. 3 లక్షల ఫీజుకు పదిన్నర శాతం వడ్డీతో బ్యాంకు అప్పు తీసుకుని అయిదేళ్లలో తీరుద్దామంటే నెలవారీ వాయిదా సుమారు 6,450 రూపాయలు. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. డిగ్రీ తెచ్చిన అదనపు జీతం డిగ్రీ కోసం చేసిన అప్పు వాయిదాకు కూడా చాలదన్నమాట.

ఇక ఇదే లెక్కలో రెండు మార్పులు చేసి చూద్దాం. ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చి రెండేళ్ల ఫీజు 30 వేలకు దిగిందనుకోండి. మొత్తం ఖర్చు 6.58 లక్షలవుతుంది, 4 వేల తేడాతో గిట్టుబాటు కాలం 13 ఏళ్ల 8 నెలలకు తగ్గుతుంది. అలా కాకుండా, ఫీజు పాత 3 లక్షలే ఉండి చదువయ్యాక 40 వేల ఉద్యోగం వచ్చిందనుకోండి. తేడా 16 వేలు, అయిదేళ్లు నిండకముందే పెట్టుబడి తిరిగొస్తుంది. ఫీజు పదో వంతుకు పడినా మిగిలింది అయిదారేళ్లే. జీతం తేడా పెరిగితే పద్నాలుగేళ్లు మిగిలాయి. చౌకగా ఎక్కడ దొరుకుతుందని వాకబు చేసేవాళ్లు చాలామంది. చదివాక ఏ కుర్చీలో కూర్చుంటామని వాకబు చేసేవాళ్లు తక్కువ. ఈ లెక్కను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఆ కుర్చీయే.

మన దేశంలో రోగి మంచం పక్కన నిలబడి చేసే ఉద్యోగానికి ఎమ్మెస్సీ వల్ల పెరిగే జీతం దాదాపు సున్నా. ఈ మాట కటువుగా ఉంటుంది కానీ నోటిఫికేషన్లు చదివితే అర్థమైపోతుంది.

ఎయిమ్స్ సంగతే చూడండి. మంగళగిరి, బీబీనగర్‌లతో సహా దేశంలోని ఎయిమ్స్‌లన్నిటికీ నర్సింగ్ ఆఫీసర్లను 2020 నుంచి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్షతో తీసుకుంటున్నారు. బీఎస్సీ నర్సింగ్ ఉంటే చాలు. జీఎన్ఎం చేసినవాళ్లయితే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీకి ఒక్క మార్కు కూడా అదనంగా లేదు. ఉద్యోగమొస్తే ఏడో వేతన సంఘం ప్రకారం లెవెల్ 7, మూలవేతనం 44,900. దాని మీద 2025 జూలై నాటి 58 శాతం కరవు భత్యం 26,042. నర్సింగ్ అలవెన్సు 7,200 ఉండేది, డీఏ 50 శాతానికి చేరాక 9 వేలయింది. మూడూ కలిపితే 79,942. ఇంటద్దె భత్యం ఇంకా కలపలేదు. ఎమ్మెస్సీ ఉన్న నర్సుకూ లేని నర్సుకూ మొదటి నెల వచ్చేది ఇదే.

అదే నర్సు ఉద్యోగంలో చేరాక పీజీ చేస్తే? పై చదువు పూర్తిచేసిన కేంద్ర ఉద్యోగులకు ప్రోత్సాహకం ఇచ్చేందుకు 2019 మార్చిలో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఏడాదికి మించిన పీజీ డిగ్రీకి 25 వేలు, పీహెచ్‌డీకి 30 వేలు. నెలనెలా అనుకునేరు. కాదు, ఒకేసారి ఇచ్చే మొత్తం. ఆ చదువు చేసే పనికి నేరుగా సంబంధించినదై ఉండాలి, ఆ పోస్టుకు నిర్దేశించిన అర్హతల్లో ముందే ఉన్నది కాకూడదు. జీతం లేని సెలవు పెట్టి రెండేళ్లు చదివితే నెలకు 80 వేల లెక్కన 19 లక్షలు పోతాయి. తిరిగొచ్చే ప్రోత్సాహకం 25 వేలు!

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2022 డిసెంబర్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు, 2024 సెప్టెంబర్‌లో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్లిచ్చింది. స్కేలు 36,750 నుంచి 1,06,990. నూరు మార్కుల్లో 80 రాతపరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు. ఆ సేవలో ప్రతి ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలోనైతే రెండున్నర. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు స్నేహితురాళ్లు బీఎస్సీ అయ్యాక విడిపోయారు. ఒకరు రెండేళ్లు ఎమ్మెస్సీ చదివారు. మరొకరు భద్రాచలం వైపో ఉట్నూరు వైపో ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేశారు. స్టాఫ్ నర్సు పరీక్షకు కూర్చునేటప్పటికి రెండో అమ్మాయి చేతిలో 10 మార్కులున్నాయి, మొదటి అమ్మాయి చేతిలో ఏమీ లేవు. పైగా రెండో అమ్మాయికి ఆ రెండేళ్లూ జీతం అందింది.

ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ జీతాన్ని నిర్ణయించేది డిగ్రీ కాదు. నర్సుల జీతాల కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నిపుణుల సంఘాన్ని వేసింది. ఆ సంఘం 200కు పైగా పడకలున్న ఆసుపత్రుల్లో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలంది. 100 నుంచి 200 పడకలైతే తగ్గుదల 10 శాతం, 50 నుంచి 100 పడకలైతే 25 శాతం మించకూడదంది. అంతకంటే చిన్నవాటిలోనైనా నెలకు 20 వేలకు తక్కువ ఉండకూడదంది. తెలంగాణ స్కేలు మొదటి మెట్టు 36,750తోనే లెక్కగట్టినా 150 పడకల ఆసుపత్రి 33,075, 80 పడకల ఆసుపత్రి 27,560 దాకా ఇవ్వాలి. సిఫారసులు చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయాయనేది వేరే గోడు. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, ఆ సంఘం కూడా జీతాన్ని పడకల సంఖ్యతో కొలిచింది. నైట్ డ్యూటీలో వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకునే నర్సుకు ఎమ్మెస్సీ ఉందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్, నర్స్ ఎడ్యుకేటర్, క్వాలిటీ విభాగం వంటి కొన్ని పోస్టులకు ఎమ్మెస్సీ ఉన్నవాళ్లను ముందుగా చూస్తారు. ఒక ఆసుపత్రిలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

మరి ఎమ్మెస్సీ దేనికి? పాఠం చెప్పడానికి. తడుముకోకుండా చెప్పగలిగే జవాబు ఇదొక్కటే.

నర్సింగ్ కాలేజీలో బోధనా పోస్టుల నిచ్చెనకు మొదటి మెట్టు ట్యూటర్. అక్కడిదాకా బీఎస్సీతో వెళ్లొచ్చు, ఎమ్మెస్సీ ఉన్నవాళ్లకు ప్రాధాన్యం. ఆ పైన ఏ మెట్టుకైనా ఎమ్మెస్సీ తప్పనిసరి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎమ్మెస్సీతోపాటు మొత్తం 3 ఏళ్ల బోధన అనుభవం ఉండాలి. ప్రిన్సిపాల్‌కు 15 ఏళ్ల అనుభవం, అందులో 12 ఏళ్లు పాఠం చెప్పి ఉండాలి, ఆ పన్నెండులో కనీసం 5 ఏళ్లు డిగ్రీ కాలేజీలో. 22 ఏళ్లకు బీఎస్సీ అయి, కౌన్సిల్ అడిగే ఏడాది అనుభవం పూర్తిచేసి, 25 ఏళ్లకు ఎమ్మెస్సీ పట్టా తీసుకుని బోధనలోకి వెళితే 28కి అసిస్టెంట్ ప్రొఫెసర్, 40 ఏళ్లకు ప్రిన్సిపాల్ అర్హత. ఆసుపత్రి నిచ్చెనలో సీనియారిటీ కోసం ఎదురుచూస్తూ హెడ్ నర్స్ దాకా వెళ్లేసరికి చాలామందికి ఇంతకంటే ఎక్కువే వయసు వస్తుంది.

కుర్చీలు ఎన్నున్నాయన్నది తర్వాతి ప్రశ్న. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్లతో 157 కొత్త ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలకు ఆమోదం తెలిపింది. వాటి నుంచి ఏటా 15,700 మంది పట్టభద్రులు వస్తారని చెప్పింది. అంటే కాలేజీకి వందమంది, నాలుగేళ్లకు కలిపి 400 మంది విద్యార్థులు. పదిమందికో టీచర్ అనే నిష్పత్తిని వర్తింపజేస్తే ఒక్కో కాలేజీకి 40 మంది, మొత్తం 6,280 మంది టీచర్లు కావాలి. వీళ్లందరికీ ఎమ్మెస్సీ ఉండాలని లేదు, అన్ని కాలేజీలూ ఒకేసారి నిండవు. అయినా దేశం మొత్తం మీద బోధనకు గిరాకీ ఉందనడానికి ఈ లెక్క చాలు. మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్త మెడికల్ కాలేజీల వెంట నర్సింగ్ కాలేజీలు వచ్చాయి.

గిరాకీ ఉన్నచోట జీతం పెరగాలి. ప్రైవేటు నర్సింగ్ కాలేజీల్లో అలా జరగకపోవడానికి కారణం ఈ రంగంలో అందరికీ తెలిసిందే, రాతపూర్వకంగా ఎవరూ ఒప్పుకోనిదే. ఇన్‌స్పెక్షన్ రోజు కనిపించి మిగతా రోజుల్లో కనిపించని టీచర్లు కొన్ని కాలేజీల జాబితాల్లో ఉంటారు. సర్టిఫికెట్లు కాలేజీకి అప్పజెప్పి, ఏడాదికింత అని పుచ్చుకుని, వేరేచోట డ్యూటీ చేసుకునేవాళ్లు వాళ్లు. పట్టాను అద్దెకిచ్చే సంత ఒకటి నడుస్తున్నప్పుడు నిజంగా పాఠం చెప్పేవాళ్ల జీతం పెరగదు. చదువు వైపూ ఇదే జాడ్యం ఉంది. ‘నాన్ అటెండింగ్’ అనే మాట ఎమ్మెస్సీ అడ్మిషన్ల వేళ ఏజెంట్ల నోట వినిపిస్తుంది. క్లాసులకు రానక్కర్లేదు, జీతం పోదు కాబట్టి లెక్క గిట్టుబాటే కదా అని ఆశపడేవాళ్లకు ఒక మాట. అనుభవ పత్రం ప్రకారం ఆసుపత్రిలో, హాజరు పట్టీ ప్రకారం మరో జిల్లా కాలేజీలో ఒకే తేదీన కనిపిస్తే ప్రభుత్వ ఉద్యోగ ధ్రువపత్రాల పరిశీలనలోనో, విదేశీ కౌన్సిళ్ల వెరిఫికేషన్‌లోనో అది బయటపడుతుంది. అప్పుడు ప్రమాదంలో పడేది ఎమ్మెస్సీ ఒక్కటే కాదు, రిజిస్ట్రేషన్ కూడా.

వయసు లెక్క చాలామంది ఆలస్యంగా వేసుకుంటారు. నార్సెట్‌కు గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు. 23లో ఎమ్మెస్సీలో చేరిన జనరల్ అభ్యర్థికి పట్టా తీసుకున్నాక కూడా అయిదేళ్ల వ్యవధి ఉంటుంది. 27లో చేరితే మిగిలేది ఏడాది. అందులోనూ ఆ రెండేళ్లు థీసిస్, సెమినార్ల మధ్య పోటీ పరీక్షల చదువు వెనక్కి పోతుంది. అబ్బాయిలకు ఇంకో ఇబ్బంది. నార్సెట్‌లో 80 శాతం పోస్టులు మహిళలకు, 20 శాతమే పురుషులకు. అందుకే మగ నర్సులు బోధన వైపు మొగ్గితే ఆశ్చర్యపోను, వాళ్ల లెక్క వేరు. తెలంగాణ 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 కాబట్టి రాష్ట్ర ఉద్యోగానికి ఈ తొందర లేదు.

ఎమ్మెస్సీ చదవడానికి అన్నిటికంటే లాభసాటి సమయం అందరూ అనుకునే దానికి విరుద్ధంగా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన తర్వాత, ఇంకెవరో జీతమిస్తుండగా చదవడం. కేంద్ర ఉద్యోగుల సెలవు నిబంధనల్లో స్టడీ లీవ్ ఉంది. అయిదేళ్ల సర్వీసు నిండాలి, చదువు ఉద్యోగానికి పనికొచ్చేదై ఉండాలి. సర్వీసు మొత్తంలో 24 నెలల దాకా ఇవ్వొచ్చు, ఒక విడతలో మామూలుగా 12 నెలలు. ఆ కాలంలో జీతం, కరవు భత్యం అందుతాయి. తిరిగొచ్చాక మూడేళ్లు పనిచేస్తామని బాండ్ రాయాలి. ఇలా చదివితే మొదటి లెక్కలోని 5 లక్షల 28 వేల పద్దు కొట్టేయొచ్చు, ఫీజు, పై ఖర్చులు తప్ప పోయేది లేదు. చిక్కల్లా మంజూరులోనే ఉంది. వార్డులో మనుషుల్లేరని పై అధికారి సంతకం పెట్టకపోతే నిబంధన ఉండీ లాభం లేదు. రాష్ట్ర సర్వీసులో ఉన్నవాళ్లు డిప్యుటేషన్ మీద పంపుతారా, జీతం ఎవరు భరిస్తారు, బాండ్ ఎన్నేళ్లు అన్నది తమ శాఖ తాజా ఉత్తర్వుల్లో చూసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి.

‘అడ్వాన్స్‌డ్ డిగ్రీ చేస్తే నర్సు జీవితం మారిపోతుంది’ అనే మాట మన దగ్గరికి అమెరికా నుంచి వచ్చింది. అక్కడది నిజం. అమెరికా కార్మిక గణాంక శాఖ 2024 మే లెక్కల ప్రకారం రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ ఎనస్థటిస్ట్, నర్స్ మిడ్‌వైఫ్‌లది కలిపి 1,32,050. తేడా 38,450 డాలర్లు, అంటే 41 శాతం. అక్కడ ఈ హోదాలకు చదివిన నర్సుకు కొత్త లైసెన్సు వస్తుంది. రోగిని పరీక్షించి మందులు రాయొచ్చు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే ఆ పని చేయొచ్చు. జీతం పెరిగింది ఆ అధికారానికి. మన ఎమ్మెస్సీ అలాంటి అధికారమేదీ ఇవ్వదు.

మన ఎమ్మెస్సీ పట్టుకుని వెళ్లినా అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ కాలేరు. అక్కడి గుర్తింపు పొందిన కోర్సు మళ్లీ చదవాల్సిందే. రిజిస్టర్డ్ నర్సుగా వెళ్లడానికేమో ఎన్‌క్లెక్స్ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష, మూల నర్సింగ్ చదువు సర్టిఫికెట్ల మదింపు కావాలి. ఎమ్మెస్సీ అక్కర్లేదు. పైగా అసలు అడ్డంకి చదువులో లేదు. నర్సులు ఎక్కువగా వెళ్లే ఈబీ-3 కోటాలో 2025లో భారతీయుల వంతు 2013 నాటి దరఖాస్తుల దగ్గర ఉండేది. ఇప్పటికే అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్న తెలుగువాళ్ల విషయం వేరు. ఉద్యోగమిచ్చిన సంస్థ ఫీజుకు సాయం చేస్తే ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్నుండదు. ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. వాళ్లు ఈ లెక్క వేస్తే జవాబు చాలావరకు ‘చదవండి’ అనే వస్తుంది.

బ్రిటన్‌కు వెళ్లేవాళ్లదీ ఇదే కథ. ప్రభుత్వ ఆరోగ్య సేవలో కొత్త నర్సు బ్యాండ్ 5లో 2025-26కి 31,049 పౌండ్లతో మొదలవుతుంది. బ్యాండ్ 6కు చేరితే 38,682. ఆ మెట్టు ఎక్కించేది చేసే పని హోదా. హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన ఎమ్మెస్సీ దానంతటది ఎక్కించదు. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్టీఎస్‌లో రాతలో ఆరున్నర, మిగతా మూడు విభాగాల్లో 7 తెచ్చుకోవడం రెండేళ్ల పీజీ కంటే చౌక. జర్మనీ వెళ్లాలంటే కావాల్సింది జర్మన్ భాష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాషలో శిక్షణ ఇప్పించి పంపుతోంది. విదేశమే గమ్యమైతే ఎమ్మెస్సీకి పెట్టే డబ్బు, కాలం భాష మీద పెట్టండి.

ఎమ్మెస్సీకి పక్కనే మరికొన్ని దారులున్నాయి, వాటి గురించి కాలేజీల బ్రోచర్లు పెద్దగా చెప్పవు. ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. ఆంకాలజీ, నవజాత శిశు సంరక్షణ, క్రిటికల్ కేర్, ఆపరేషన్ థియేటర్ వంటివి. ఖర్చు సగం, కాలం సగం, నేర్చుకున్నది మర్నాడే వార్డులో పనికొస్తుంది. కౌన్సిల్ తెచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ. పేరు అమెరికాను గుర్తుచేస్తుంది కానీ ఆ పేరుతో పోస్టులు, విడి స్కేళ్లు విరివిగా ఏర్పడేదాకా దాని విలువ మీరు పనిచేసే ఆసుపత్రి ఇచ్చే విలువే. మిడ్‌వైఫరీ నాకు ఆశ కలిగించే దారి. హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. పల్లెల వైపు చూస్తే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకు కేంద్ర పథకం నిర్దేశించింది నెలకు 25 వేలు, పనితీరును బట్టి మరో 15 వేల దాకా. దానికి అడిగింది ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. దాన్నీ బీఎస్సీ కొత్త సిలబస్‌లో కలిపేశారు. మొత్తం వస్తే 40 వేలు. మొదటి లెక్కలో ఎమ్మెస్సీని అయిదేళ్లలో గిట్టించిన అంకె అదే.

జీతం లెక్కలో పట్టని వస్తువు ఒకటుంది, అది నైట్ డ్యూటీ. నెలకు ఎనిమిది నైట్లు పడే నర్సు ఏడాదికి 96 రాత్రులు మేలుకుంటుంది. పిల్లలు పుట్టాక, నడుము నొప్పి మొదలయ్యాక ఆ 96 రాత్రులు వదిలించుకోవడానికి జీతం పెరగకపోయినా సరే కాలేజీకి వెళతామనేవాళ్లను తప్పుపట్టలేం. పెళ్లి సంబంధాల్లో ‘స్టాఫ్ నర్స్’ కంటే ‘లెక్చరర్’ అనే మాటకు మర్యాద ఎక్కువ దక్కుతుందనేది కూడా కాదనలేని నిజం. నాకది నచ్చదు కానీ ఆ మర్యాద కోసమే చదివిస్తున్న తల్లిదండ్రులు ఉన్నారు. ఈ కారణాలతో చదివేవాళ్లు కూడా ఎంత ఇచ్చి కొనుక్కుంటున్నారో తెలుసుకోవాలి. 9.28 లక్షలను 96తో, పదేళ్లతో భాగిస్తే ఒక్కో రాత్రి నిద్రకు 967 రూపాయలు పడింది. కొందరికి అది చౌక బేరమే.

స్పెషాలిటీ ఎంపిక గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ, ప్రసూతి, శిశు ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం అని అయిదు. మీరు ఏడాదిపాటు పనిచేసిన వార్డుకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. ఎన్‌ఐసీయూలో పనిచేసి, కమ్యూనిటీలోనే సీటు ఉందని అందులో చేరితే పాత అనుభవం వృథా అవుతుంది.

నా లెక్కలో జవాబు మనిషిని బట్టి మారుతుంది. పాఠం చెప్పడం ఇష్టమై, 25 లోపు ఉండి, ప్రభుత్వ కాలేజీలోనో నిమ్స్, నిమ్‌హాన్స్, ఎయిమ్స్ లాంటి సంస్థలోనో సీటు వచ్చినవాళ్లు వెనకాడక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి జీతంతో సెలవు దొరికినవాళ్లు అసలు ఆలోచించక్కర్లేదు. 27 దాటి, చేతిలో ప్రైవేటు ఉద్యోగం మాత్రమే ఉండి, అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేరాలనుకునేవాళ్లు ముందు రెండుసార్లు నార్సెట్, రాష్ట్ర పరీక్ష రాసి చూడటం మంచిది. ఎమ్మెస్సీకి వయసు అంత త్వరగా దాటిపోదు, నార్సెట్‌కు దాటిపోతుంది.

చేరాలనే నిర్ణయించుకుంటే ఫీజు కట్టకముందు ఆ కాలేజీలో గత రెండు బ్యాచ్‌ల విద్యార్థులను వెతికి పట్టుకోండి. ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు, జీతం బ్యాంకు ఖాతాలో ఎంత పడుతోంది, ఎన్ని నెలలకోసారి పడుతోంది అని అడగండి. కాలేజీ సొంత ఆసుపత్రిలో నిజంగా రోగులున్నారో లేదో ఒక సాయంత్రం ఓపీ దాటి వార్డుల్లోకి నడిచి చూడండి. స్టైపెండ్ ఇస్తామంటే ఉత్తర్వు కాపీ చూపమనండి. చదువయ్యాక అక్కడే ఇన్నేళ్లు పనిచేయాలని బాండ్ రాయించుకుంటున్నారా, మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవండి. పదో తరగతి నుంచి అన్ని ఒరిజినల్ సర్టిఫికెట్లూ తమ దగ్గరే ఉంచుకుంటామంటే జిరాక్స్‌లు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకుంటామని పట్టుబట్టండి. రెండేళ్లలో ఎప్పుడు ఏ నోటిఫికేషన్ వస్తుందో తెలియదు, ధ్రువపత్రాల పరిశీలనకు పిలిచిన రోజు అవి మీ చేతిలో ఉండాలి.